మంచి చేతికి తువ్వాలు

ఒక మహాకావ్యం చెప్తాను వినండి. కాదులెండి, మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో జరిగింది, అంతే.

నా పక్క సీట్లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన. బాగున్న కుడిచేతిని, కిటికీ పక్కన కూర్చున్న ఆయన భార్య తువ్వాలుతో కట్టేసింది. ఒళ్లోని వేరుశనగకాయను ఎడమచేత్తో ఒలవలేక ఆయన అవస్థ పడుతున్నాడు.

“బాగుండే చెయ్యి యాల కట్టినావమ్మా?” అని అడిగాను.

“మూడు నెల్లు నేనే తినిపించినానప్పా. ఈ చెయ్యి పనే మర్చిపోయినాది. ఆ చెయ్యి కట్టేస్తేనే ఇది నేర్సుకుంటాదని ఫిజియో సారు చెప్పినాడు.”

నేను ఒలిచిద్దామని చెయ్యి చాపాను. ఆమె దాని మీద ఒక్కటేసింది.

“నీకు కావల్నంటే వేరే పొట్లం కొనుక్కో!”

చాలాసేపటికి కాయ చిట్లింది. గింజను ఆయన తన నోట్లో వేసుకోలేదు. ఆ ఎడమచేత్తోనే ఆమె నోటికి అందించాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నమిలింది.

పుంగనూరు వచ్చేలోపు మూడు కాయలు ఒలిచాడు. అందులో ఒకటి పుచ్చు.