కింద పండుకున్న గీత

పటాన్‌చెరులో మా మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ప్రతి సోమవారం ట్యాంకు నీళ్లలో ఎన్ని సూక్ష్మజీవులు ఉన్నాయో లెక్కపెట్టడం నా పని. అంకె వంద దాటకపోతే ఆకుపచ్చ పెన్నుతో సంతకం, దాటితే ఎర్ర పెన్ను. నాలుగేళ్లలో ఎర్ర పెన్ను మూత తీసే పనే పడలేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

పోయిన వేసవిలో ఒక సోమవారం ఆ అంకె రెండు వందల అరవై అయింది. మేనేజర్ గారు వెంటనే ల్యాబ్‌కు వచ్చి, ఆరు వారాల చార్టు చూపించమన్నారు. నాలుగు వారాలు గీత నేలకు అంటుకుని ఉంది. ఆ తర్వాత నిట్టనిలువుగా లేచింది. సరిగ్గా అక్కడే వాటర్ ప్లాంటుకు కొత్త ఆపరేటర్ వచ్చాడు. లక్డారం ఊరి పెద్దాయన, బాయిలర్ దగ్గర నుంచి ఇటు మారి రెండు వారాలే.

"పైపుల్లో క్రిములు చావడానికి వేడినీళ్లు తిప్పే పని ఎగ్గొట్టి ఉంటాడు. రేపటి నుంచి రావద్దని చెప్పండి," అన్నారు మేనేజర్. కాంట్రాక్టు మనిషి కదా, ఆ ఒక్క మాట చాలు.

కబురు విని పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. స్క్రీన్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"బిడ్డా, నేను వచ్చినంక ఎక్కింది, కనవడుతున్నది. నేను రాకముందు ఏముందో కనవడ్తలేదు. ఆ కింద పండుకున్న గీతను జెర పెద్దగ సూపియ్యి."

"అవన్నీ చిన్న అంకెలు కాకా, ఏం లేదందులో," అని విసుక్కున్నాను. ఆయన కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీలో గీతలు ఒకచోట ఎడంగా, ఒకచోట ఇరుకుగా ఉండే గ్రాఫ్ కాగితం. అక్షం మీద రైట్ క్లిక్ చేసి లాగ్ స్కేల్‌కు టిక్ పెట్టాను. ఇప్పుడు ఒకటి నుంచి పదికి ఎంత ఎత్తో, పది నుంచి వందకూ అంతే.

గీత లేచి నిలబడింది. ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఎనిమిది, ఎనభై అయిదు. మొదటి వారం నుంచే స్కేలు పెట్టి గీసినట్టు ఎక్కుతోంది. ఆయన వచ్చిన దగ్గర వంపే లేదు. ఆ వారాలన్నిటి మీదా ఆకుపచ్చ సంతకం నాది.

నిజం చెప్తాను, టిక్ తీసేయాలనిపించింది. తీయకుండా మేనేజర్‌ను పిలిచాను.

"ఇది ఆయన రాకముందే మొదలైంది సార్. వారం వారం మూడింతలు అవుతుంటే, వంద లోపే కదా అని సంతకం పెట్టింది నేను."

వెతికితే, వాడకుండా వదిలేసిన పైపు ముక్కలో సూక్ష్మజీవులు పేరుకున్న జిగట దొరికింది. ఆయన పని నిలిచింది. నాకు మెమో వచ్చింది. అది సొరుగులో ఉంది, నాకు దాని మీద కోపం లేదు. ఆ రోజు ఆయన అడగకపోతే నేను ఒక మనిషి కూడు తీసి, మరుసటి సోమవారం మళ్లీ పెన్ను పట్టుకుని కూర్చునేదాన్ని. తలుచుకున్నప్పుడల్లా మనసులోనే ఆయనకు దండం పెట్టుకుంటాను.

ఇప్పటికీ సోమవారం ల్యాబ్ గుమ్మం దగ్గరికి వస్తాడు.

"ఇయ్యాల గీత ఎట్లున్నది బిడ్డా?"

"పండుకుంది కాకా."

"అదే పండుకున్నదా, నువ్వు పండవెట్టినవా?"

నేను నవ్వి, టిక్ పెట్టి, స్క్రీన్ ఆయన వైపు తిప్పుతాను.