ఎడంచేత్తో అందుకున్న పానా

మా పెరటి కుళాయి మూతికి పైపు తగిలించే ఇత్తడి బిగింపు ఒకటుంది. చిలుం పట్టి, పచ్చబడి, కుళాయికి అతుక్కుపోయింది. లోపల గార పేరుకుని నీళ్ళు దారంలా వచ్చేవి. అనకాపల్లిలో మా వీధికి కుళాయి వచ్చేదే పొద్దున్న కాసేపు. బిందె నిండేలోగా ఆగిపోయేది. కిరసనాయిలు పోశాను, కొబ్బరినూనె రాశాను, వేడినీళ్ళ గుడ్డ చుట్టాను. అది నాకన్నా మొండిది.

ప్లంబరు వచ్చి చూసి, "ఎనకాల పైపు ఎవులైనా పట్టుకోవాలమ్మా. నేకపోతే ఇరిగిపోద్ది. మనిసిని తెత్తాను," అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

వెనకాల అంటే మా తోడికోడలి వాటా. ఇల్లు పంచుకున్నప్పుడు పెరట్లో గోడ లేచింది. కుళాయి మావైపు పడింది, దానికొచ్చే పైపు వాళ్ళవైపు ఉండిపోయింది. ఆ పంపకాల్లో ముందు నోరు జారిందెవరో ఇప్పటికీ తేలలేదు. నేనైతే కాదు. అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు పైపు కూడా విరిగితే రెండిళ్ళకీ నీళ్ళుండవు, ఇక ఈ జన్మకి మేం కలిసేదీ ఉండదు.

మొన్న మగాళ్ళు పనుల్లోకి వెళ్ళాక గోడ దగ్గర నిలబడి "అక్కా" అన్నాను. ఆ ఒక్క మాటకి ఎంత అవస్థపడ్డానో నాకే తెలుసు. సంగతి చెప్పి ఒక పానా గోడమీదుగా అందించాను. ఒక చెయ్యి పైకొచ్చి తీసుకుంది. ఎడంచెయ్యి! పండగ పండక్కీ పసుపూకుంకం ఇచ్చిపుచ్చుకున్న నాకు ఎడంచెయ్యా! ఒళ్ళు మండిపోయింది.

నా పానా వేసి తిప్పాను. బిగింపు కదల్లేదు సరికదా, గోడలో పైపు కిర్రుమంది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అంతే. కావాలనే వదిలేస్తోంది, విరిగితే నింద నా నెత్తిన వెయ్యొచ్చని.

"గట్టిగా పట్టుకోవచ్చు కదేటి! పెళ్ళిళ్ళకి గంగాళాలు దించిన సేతులే కదా!" అని అరిచాను.

గోడ అవతలనుంచి గొంతు వినిపించింది. "కుడిసెయ్యి ఇరిగిపోనాదే. కట్టేసున్నాది. ఎడంసేత్తోనే పట్టుకున్నాను."

చుట్టాల్లో ఎవరికైనా కాలు బెణికిందంటే పళ్ళూ బ్రెడ్డూ పట్టుకుని కోటవురట్లదాకా బస్సెక్కి వెళ్ళే మనిషిని నేను. గోడ పక్కన చెయ్యి విరిగితే తెలీలేదు. సిగ్గేసింది, ఆవిడమీద కోపమూ వచ్చింది.

"ఒక్క మాట సెప్పొద్దేటక్కా?"

"ఎవులితో సెప్పమంతావు? ఈ గోడతోనా?" అంది. మళ్ళీ తనే, "తిప్పు. పానా గుండెకి ఆనించుకున్నాను. ఈపాలి కదల్దు," అంది.

ఏడుస్తూనే తిప్పాను. పైపు కదల్లేదు. బిగింపు కీచుమని, పచ్చటి పొడి రాల్చుకుంటూ ఊడొచ్చింది.

"వచ్చిందేటి?" అని అటునుంచి అడిగింది.

బిగింపు అక్కడే పడేసి, వీధివైపునుంచి చుట్టి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ ఇంకా ఆ పానాని గుండెకి అదుముకునే నిలబడి ఉంది, నేను వదలమనలేదని.