శనివారం వదులయ్యే మంచం

మా పక్కింటి అసిరయ్య తాత కార్ఖానాలో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. పెద్ద పెద్ద యంత్రాలకు తాళ్లు కట్టి, నలుగురితో కలిసి లాగి నిలబెట్టే పని అది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక బిర్సానగర్‌లో పెంకుటిల్లు వేసుకున్నాడు. పిల్లలు లేరు. నూకాలమ్మ మామ్మ పోయాక ఒక్కడే వండుకుని తిని, అరుగు మీద కూర్చునేవాడు.

ఆ ఏడు హైస్కూలు పిల్లలు శనివారాలు సేవ చేయాలని బడివాళ్లు పెట్టారు. తాత ఇంటికి ఇంజినీరు భుజంగరావు గారమ్మాయి లీల, ఆమె క్లాసు కుర్రాడు బలరామ్ వచ్చారు.

“నాకు సేవేటి? సేతులిరిగిపోనాయా?” అని తాత గుమ్మంలోనే ఆపేశాడు.

“కుఛ్ తో కామ్ హోగా, దాదా,” అన్నాడు బలరామ్. ఏదో ఒక పని ఉంటుంది కదా అని. ఈ హిందీ ఊళ్లో పెరిగినవాడు, తెలుగులో అడిగినా వాడి జవాబు హిందీలోనే.

తాత వాళ్లిద్దర్నీ ఎగాదిగా చూసి, లోపలినుంచి నులక మంచం తెచ్చాడు. ఉయ్యాలలా జారిపోయి ఉంది. మంచం బిగించాలంటే ఒకరు లాగాలి, ఇంకొకరు తాడు జారకుండా పట్టుకోవాలి. ఆ రెండో మనిషి ఎప్పుడూ మామ్మే. ఆవిడ పోయాక దాని జోలికి ఎవరూ పోలేదు.

“కాలు పట్టెకి తన్నిపెట్టి లాగమ్మా. అన్నం తిన్నావా లేదా?” అంటూ తాత కేకలు. లీల అరచేతులు ఎర్రబడ్డాయి. చివర్లో తాత ఖలాసీ ముడి వేసి చూపించాడు. ఎంత బరువైనా ఆపుతుంది, కొస పట్టి లాగితే ఒక్కసారే విడిపోతుంది. తర్వాత ముగ్గురూ ఆ మంచం మీదే కూర్చుని మరమరాలు తిన్నారు. తాత అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

మరుసటి శనివారం చేయడానికి ఏమీ లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చి పిల్లలు తొందరగా వెళ్లిపోయారు. తాత వీధి మలుపు దాకా వాళ్లను చూస్తూ నిలబడ్డాడు.

ఆ పై శనివారం పొద్దున్నే నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. తాత అటూ ఇటూ చూసి, మంచం కాళ్లవైపు ముడి లాగేశాడు. నేను తల వంచుకుని గిన్నె గట్టిగా తోమాను.

అలా వారం వారం మంచం జారేది, పిల్లలు బిగించేవాళ్లు, మరమరాలు తినేవాళ్లు. ఎదురింటి చిలకమ్మత్త ఊరుకుంటుందా?

“ఏటి మావా, ఖలాసీ కట్టిన మంచం వారం ఆగదేటి? సిగ్గుసేటు!”

“తాడు పాతదే,” అనేవాడు తాత.

నెల తిరిగేసరికి, పిల్లల సేవ ఎలా సాగుతోందో చూడడానికి బడినుంచి సత్యభామ టీచర్ వచ్చింది. అప్పటికే మంచం బిగించేశారు. లీల కాళ్లవైపు పట్టె మీద కూర్చుని ఉంది. టీచర్ వాకిలీ ఇల్లూ చూసింది.

“మీకింకా ఓపిక బాగానే ఉంది, తాతగారూ. పిల్లల్ని సీతారాండేరాలో ఇంకెవరింటికైనా పంపుతాను.”

“అలాగేనమ్మా,” అన్నాడు తాత. మరమరాల డబ్బా మూత పెట్టేశాడు.

నేను పిట్టగోడ దగ్గరికి జరిగాను. అప్పుడే లీల లేచి, “మీరు కూర్చోండి, టీచర్,” అంది. ఆమె చెయ్యి మంచం కిందనుంచి మెల్లగా బయటికి వచ్చింది.

టీచర్ కూర్చుంది. నులక ఒక్కసారిగా కిందికి దిగి, ఆవిడ మోకాళ్లు గడ్డానికి వచ్చాయి.

“అయ్యో! ఇదేమిటే?”

“రోజూ ఇంతే, టీచర్,” అంది లీల అమాయకంగా. బలరామ్ గోడవైపు తిరిగి దగ్గాడు.

టీచర్ వాళ్లిద్దరి చేతులు పట్టుకుని లేచింది. లీల ముఖం చూసింది, తాత ముఖం చూసింది. చీర సర్దుకుంటూ నవ్వేసింది.

“అయితే ఇక్కడ పని ఇంకా అవలేదన్నమాట. వచ్చే వారం కూడా రండి.”

ఆవిడ వెళ్లాక తాత లీల జడ పట్టుకుని లాగాడు.

“ముడి ఇప్పడం నీకెవులు సెప్పేరే?”

“కట్టడం నేర్పిందెవరు, తాతా?”

తాత నవ్వుతూ డబ్బా మూత తీశాడు. పిట్టగోడ మీదుగా నాకూ ఓ దోసెడు మరమరాలు అందించి, “నువ్వూ సూసీసినావు కదా, తిను,” అన్నాడు.