నా వేళ్ళకు నేర్పిన మనిషి

పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం నేను జాకెట్టు చేతులు కుడుతుండగా మసీదు మైకులో ఎవరో చనిపోయిన కబురు చెప్పారు. మా సందులో అది కొత్త కాదు. అలాంటి కబురు వింటూనే మిషను తొక్కుతుంటాం. ఆ రోజు పేరు వినగానే నా కాలు ఆగిపోయింది. మోటార్లకు వైండింగు చేసే షాపాయన, అని మైకులోని మనిషి గుర్తు కూడా చెప్పాడు. మట్టి చేసేది ఎన్ని గంటలకో చెప్పాడు. బద్వేలుకు ఆయన వైండింగు షాపాయన. నాకు మాత్రం గిటారు నేర్పిన సారు.

మన చర్చి సంఘ పత్రికలో పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం రాస్తాం. నేనూ ఆయన మంచితనమే రాయాలని కూర్చున్నాను. కానీ దాని పక్కనే నా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాటి వెళ్ళడం నాకు చేతకాలేదు. ఆ తప్పు జరిగిన సాయంత్రం మీలో చాలామంది చర్చిలోనే ఉన్నారు. అందుకే మీకే రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట మన చర్చిలో గిటారు వాయించే అతను ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోయాడు. గిటారును సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించారు. ఎవరైనా నేర్చుకుంటారా అని పాస్టరు గారు అడిగితే వయసులో ఉన్నవాళ్ళెవరూ చెయ్యి ఎత్తలేదు. నలభైనాలుగేళ్ళ నేను ఎత్తాను. ఎందుకు ఎత్తానో నాకే తెలియదు. ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది.

ఆ వారంలోనే నా మిషను మోటారు కాలిపోయింది. దాన్ని తీసుకుని వైండింగు షాపుకు పోయాను. గోడకు రాగి తీగ చుట్టలు వేలాడుతున్నాయి. వాటి మధ్యలో ఒక పాత గిటారు కూడా వేలాడుతోంది. వయసులో ఉన్నప్పుడు కడపలో ఒక ఆర్కెస్ట్రాలో వాయించేవాడట, పెళ్ళిళ్ళకు, జాతరలకు. నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ అడిగేశాను.

"నేర్చుకొని ఏం చేస్తావుమా?"

"చర్చిలో పాటలకు, సార్."

"పాటలు తర్వాత సూస్తాంలే. ముందు చెయ్యి సూపీ."

ఎడమ చెయ్యి చాపాను. దూరం నుంచే చూశాడు.

"కుట్టే చెయ్యి. తీగను సూదిని పట్టుకున్నట్టు పట్టుకుంటావు. అది మానిపియ్యనీకే ఆర్నెల్లు పడతాది. ఓపిక ఉండాదా?"

ఉంది అన్నాను. అది నిజం కాదు.

గిటారు మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కమ్మీలు ఉంటాయి. వాటి మధ్య జాగాలను ఆయన మెట్లు అనేవాడు. మొదటి మెట్టులో చూపుడువేలు, రెండో దాంట్లో నడిమివేలు, మూడో దాంట్లో ఉంగరపువేలు, నాలుగో దాంట్లో చిటికెనవేలు. వేలు పెట్టిన ప్రతిసారీ కుడిచేత్తో ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటాలి. లావు తీగ దగ్గర మొదలుపెట్టి సన్న తీగ దాకా పోవాలి, మళ్ళీ వెనక్కి రావాలి. చిటికెనవేలు పడేదాకా ముందు పెట్టిన వేళ్ళు తీయకూడదు. తీసినా తీగకు వెంట్రుక వాసి దూరంలోనే ఉండాలి. గోడ గడియారం ఒక్క టిక్కుకు ఒక్క వేలు. అంతే. ఎనిమిది నెలలు ఇదే. ఒక్క పాట లేదు.

సాయంత్రం ఐదు గంటలకు, కుట్టుపని ఒక దరికి తెచ్చి, షాపు ముందర ఒక చెక్క పెట్టె మీద కూర్చునేదాన్ని. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల పల్లెల నుంచి కాలిపోయిన బోరు మోటార్లు ఆటోల్లో వచ్చేవి. రైతులు తల పట్టుకుని నిలబడేవాళ్ళు. ఒకసారి ఒకాయన ఉండబట్టలేక అనేశాడు.

"ఏం సాయిబూ, ఆడ చీనీ చెట్లు ఎండిపోతాంటే నువ్వు ఈడ టింగు టింగు అనిపిస్తాండావే!"

"నీ మోటారుకు వార్నిష్ ఆరల్లనా వద్దాప్పా? నేను ఊదితే ఆరుతాదా?"

"ఆయమ్మకన్నా వొగ పాట నేర్పీ, మేమూ వింటాం."

"పాట విననీకి నీకు టీవీ ఉండాది. ఇది ఇను. ఇదే కష్టం."

ఆ రైతు నవ్వి, బీడీ ముట్టించుకుని, నిజంగానే కూర్చుని విన్నాడు. నా చిటికెనవేలు తప్పినప్పుడల్లా "ఆఁ, జారె" అనేవాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సారు మాత్రం "సూసినావా, నీ తప్పు మోటార్లు తిప్పుకునేటోనికి గూడా తెలుస్తాంది" అని మురిసిపోయాడు.

వైండింగులో ఒక్క చుట్టు తప్పినా మోటారు కాలిపోతుందని చెప్పేవాడు. "ఈడ తప్పితే ఏమీ కాలదు. అందుకే శానామంది సరిగ్గా చెయ్యరు" అనేవాడు.

మసీదులో పిలుపు వినగానే పని ఎక్కడిదక్కడ వదిలి చేతులు కడుక్కునేవాడు. "నేను వచ్చేలోపల యాభైసార్లు" అని చెప్పి పోయేవాడు. నేను తొందరతొందరగా యాభై ముగించి కూర్చుంటే, వచ్చి నా ముఖం చూసి కనిపెట్టేవాడు.

"నువ్వు ప్రార్థన చేసేటప్పుడు ఇట్లనే గబగబా చేస్తావామా?"

"లేదు సార్."

"మరి ఈడెందుకు?"

మళ్ళీ మొదటి నుంచి.

చర్చి గిటారు ఇంట్లో లేనప్పుడు చపాతీ కర్ర మీద చెయ్యమన్నాడు. మా ఆయన చూసి, "చపాతీలు వత్తమంటే కర్రకు గిలిగింతలు పెడ్తాండావే" అని నవ్వేవాడు. బల్ల మీద అరచెయ్యి ఆనించి, మిగతా వేళ్ళు కదలకుండా ఒక్క ఉంగరపువేలు మాత్రమే ఎత్తే పని ఇంకొకటి. ఎంత ప్రయత్నించినా అది లేచేది కాదు. ఒకరోజు ఏడుపొచ్చింది. అప్పుడు ఆయన అన్నాడు: "అది సోమరిది కాదుమా. పక్కనోళ్ళు కదిలితే తప్ప కదలని రకం. మన్లో శానామంది అంతే. దాన్ని తిట్టగాకు, రోజూ అడుగు, లేస్తాది." మూడు నెలలకు లేచింది. ఆ రోజు ఆయన ఎదురుగా ఉన్న హోటలు నుంచి టీ తెప్పించాడు.

తర్వాతే పాటలు. నేను రాగం తీసేదాన్ని, ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. మన పాటల మాటలు ఆయనకు తెలియవు. ఏ మాట దగ్గర ఏ కార్డు, అంటే ఏ తీగల మీద ఏ వేళ్ళు, పట్టాలో వైండింగు చీటీల వెనక అంకెలు వేసి ఇచ్చేవాడు. ముందు వైపు ఎవరిదో మోటారు, ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ. వెనక వైపు దేవుని పాట.

నాలుగేళ్ళ కిందటి క్రిస్మస్ ఆరాధనలో నేను మొదటిసారి అందరి ముందు వాయించాను. ఆయన్ను రమ్మని పిలిచింది నేనే. నేను కుట్టిచ్చిన తెల్ల చొక్కా వేసుకుని, ఇస్త్రీ మడతలు చెదరకుండా, తలుపు దగ్గరి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. మూడు పాటలు వాయించాను. పాటలయ్యాక స్త్రీల సమాజం పెద్దమ్మ మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

"ఈ వయసులో ఇంత బాగా వాయించినావే, నీకు ఎవరు నేర్పించినారమ్మా?"

ఆఖరి బెంచీ వైపు చూశాను. ఆయన కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. పిలిస్తే లేచి నిలబడాలేమో అనుకున్న మనిషిలా.

నేను మైకులో చెప్పిన మాట ఇది: "ఎవరూ నేర్పించలేదమ్మా. నా దేవుడే నా వేళ్ళకు నేర్పించినాడు."

మీరందరూ చప్పట్లు కొట్టారు. హల్లెలూయా అన్నారు. ఆయనా కొట్టాడు.

ఎందుకు అలా అన్నానో మీకు విప్పి చెప్పాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు మనుషుల ఊసు తేకుండా అంతా దేవునికే ఇవ్వడం మనకు అలవాటు. ఆ అలవాటు చాటున దాక్కున్నాను. అసలు సంగతి వేరు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం వైండింగు షాపులో, మన మతం కాని ఒక ఆర్కెస్ట్రా మనిషి దగ్గర కూర్చుంటున్నానని మీకు తెలిస్తే ఏమనుకుంటారోనని భయపడ్డాను. మీరు ఏమీ అనకపోయి ఉండవచ్చు. అడిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. దేవుని పేరును ఆ భయానికి ముసుగుగా కప్పాను.

ఇంటికి వస్తూ దారిలో మా ఆయన అడిగాడు.

"ఆ మనిషి ముందరే అట్లంటివే?"

"దేవుని మహిమ కోసం చెప్పినా."

"ఎవరు నేర్పించినారో దేవునికి తెలీదా ఏంది?"

ఇల్లు వచ్చేదాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు.

రెండు రోజులు షాపుకు పోలేదు. మూడో రోజు పోయాను. ఆయన మోటారు గూట్లో తీగ దూరుస్తూ తల ఎత్తకుండానే, "రెండో పాటలో చిటికెనవేలు పైకి లేసింది. సూసుకో" అన్నాడు. "సరే సార్" అని గిటారు అందుకున్నాను. అంతే.

ఆ తర్వాత మూడేళ్ళకు పైగా ఆయన దగ్గర నేర్చుకుంటూనే ఉన్నాను. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి నోటిదాకా వచ్చింది. "సార్, ఆ క్రిస్మస్ పొద్దు..." అన్నాను. "వార్నిష్ వాసన శానా ఉండాది, ఆ కిటికీ తెరువుమా" అన్నాడు. లేచి తెరిచాను. మాట అక్కడితో తెగిపోయింది. నాకు బాధ కలగాల్సింది, కానీ గండం గడిచినట్టు అనిపించింది. ఇప్పుడు ఆయన లేడని తలుచుకుంటే అన్నిటికంటే ఆ ఊరటే నన్ను ఎక్కువ సిగ్గుపరుస్తోంది.

పోయినేడు ఆయనకు చక్కెర జబ్బు ముదిరి చూపు తగ్గింది. షాపు మూశాడు. ఇంటి దగ్గర మంచం మీద కూర్చుని, నేను పోతే వాయించమని, చెవితోనే తప్పులు పట్టేవాడు.

మట్టికి తీసుకుపోయే ముందు నేను ఆ ఇంటికి పోయాను. ఆడవాళ్ళంతా లోపలి గదిలో కూర్చుని ఉన్నారు. ఆయన కూతురు నన్ను చూడగానే లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అందరికీ చెప్పింది.

"ఈ అక్కనే. మా అబ్బా దగ్గర నేర్చుకొని, క్రిస్మస్‌కు వాళ్ళ చర్చిలో మైకులో అబ్బా పేరు చెప్పిండేది."

నాకు అర్థం కాలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్తూనే ఉంది.

"ఆ పొద్దు ఇంటికి రాంగానే అడిగినా, ఏం అబ్బా, నీ పేరు చెప్పిందా అని. చెప్పింది బేటీ, అందరూ చప్పట్లు కొట్టినారు అన్యాడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! ఈ వయసులో ఈ టింగుటింగులు ఎందుకని ఆయన్ను ఎగతాళి చేసేటోళ్ళం అక్కా. ఆ పొద్దు నుంచి మేం నోరు మూసుకున్యాం."

ఒక ముసలామె నా తల నిమిరి, "నువ్వు సల్లగుండల్ల తల్లీ" అంది. ఎవరో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. తాగాను. ఆ గదిలో నిజం చెప్పాల్సిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ రోజు కూడా చెప్పలేదు.

తర్వాత మూడు వారాలు మోకాళ్ళ మీద ఉన్నా ప్రార్థన రాలేదు. చివరికి ఇదంతా ఒక నోటుపుస్తకంలో రాసుకుని, అచ్చుకు ఇచ్చే ముందు ఆయన కూతురికి చదివి వినిపించాలని పోయాను. ఆమె చేటలో చింతచిగురు పోసుకుని ఈనెలు ఏరుతోంది. మైకు దగ్గరి మాట చదివేటప్పుడు ఆమె చేతులు ఆగాయి. చివరిదాకా చదివాను.

"అయితే మా అబ్బా అబద్ధం చెప్పినాడా?"

"నేను చెప్పించిన అబద్ధం అది."

"నిన్ను మేం తప్పుగా అనుకోకూడదని చెప్పినాడో, మా ముందర ఆయన తలొంచుకోలేక చెప్పినాడో."

"తెలీదు. రెండింటికీ నేనే కారణం."

ఆమె చేట పక్కన పెట్టింది.

"రాసుకో అక్కా. ఆయన నేర్పిండేదంతా రాయి. నువ్వు చేసిండేదీ రాయి. కానీ పేరు మాత్రం వద్దు. ఇంట్లో ఒక్క మాట చెప్పుకొని సంతోషపడినాడు. అది ఉత్తదని ఊరంతా చదవల్లనా?"

అందుకే ఇందులో ఆయన పేరు లేదు. చెప్పగలిగిన రోజు చెప్పలేదు. చెప్పాలని పోయిన రోజు ఆ పేరు చెప్పే హక్కు నాకు మిగల్లేదు. మీకు చెప్పగలిగింది ఇంతే: ఆ రోజు మైకులో నేను అన్నది అబద్ధం. నాకు ఒక మనిషి నేర్పాడు. రోజూ సాయంత్రం, ఒక్కొక్క వేలుగా, కోప్పడకుండా నేర్పాడు. ఆ మనిషిని నా దగ్గరికి పంపింది దేవుడే అయితే, పంపినవాణ్ణి పొగిడి వచ్చినవాణ్ణి గడప బయట నిలబెట్టాను.

ఆ రోజు పేరు వద్దని ఆమె అన్నాక, లేచి "పోయొస్తా" అన్నాను. ఎప్పుడూ "మళ్ళీ రా అక్కా" అనే ఆమె ఏమీ అనలేదు. వాకిలి దాకా వచ్చి తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగి చూసే ముఖం నాకు లేదు. చెప్పులు వేసుకుని నడిచాను. సందు చిన్నది, ఆ ఇంటి తలుపు పాతది. మూస్తే మసీదు దాకా వినిపిస్తుంది. మలుపు తిరిగేదాకా చెవులు రిక్కించుకునే నడిచాను. తలుపు మూసిన చప్పుడు వినిపించలేదు.