నాక్కూడా మావయ్య, పరీక్షకందని జబ్బు

నాక్కూడా మావయ్యకు ఒకసారి పురిటినొప్పులు వచ్చాయి. సరే, అంత గట్టిగా అననులెండి. చెల్లెలు లోపల నొప్పులు పడుతుంటే ఈయన ఆస్పత్రి వరండాలో పొట్ట పట్టుకుని మెలికలు తిరిగాడు. కంగారుపడ్డ నర్సు చక్రాల కుర్చీ ముందు ఈయనకే తెచ్చింది. అంతవరకు నిజం. ఆ రోజు పుట్టిన మేనకోడలు చిట్టికి ఇప్పుడు పదమూడేళ్ళు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా "నాక్కూడా!" అనడం, అదీ తనకు ఓ మెట్టు ఎక్కువే ఉందనడం ఆయన జీవితాశయమని ఆ పిల్ల నమ్మకం.

వీధి మలుపులో ఆయనకో బేకరీ ఉంది. అక్కడికి దగ్గుతూ వెళ్ళడం ప్రమాదం.

"జలుబు చేసిందండీ," అంటాడు పోస్ట్‌మాన్.

"ఒక్కటేనా? అదృష్టవంతుడివి. నాకు రెండు ముక్కుల్లో రెండు వేరువేరు జలుబులు."

పన్ను పీకించుకున్న దర్జీ చెంప పట్టుకుని వస్తే ఇంకా ఘోరం. "నేను పీకించుకుని డబ్బాలో దాచిన పన్ను ఇప్పటికీ సలుపుతోందయ్యా!"

ఇలా సాగుతుండగా చిట్టికి నిజంగానే కడుపునొప్పి పట్టుకుంది. తిన్నది ఒంటబట్టక చీపురుపుల్లలా తయారైంది. ఎవరో చెప్పారని వాళ్ళమ్మ గోధుమతో చేసినవన్నీ మాన్పించింది. నొప్పి తగ్గింది. ఆ సంగతి చెబితే మెచ్చుకుంటుందనుకుంటే డాక్టరమ్మ తల పట్టుకుంది.

"గోధుమలో గ్లూటెన్ అని ఒకటుంటుందమ్మా. సీలియాక్ జబ్బున్నవాళ్ళకి అది పడదు. లోపలికి వెళ్ళగానే ఒళ్ళు దానిమీద యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధం గుర్తులే మేం రక్తంలో వెతికేది. మీరు శత్రువుని ముందే తరిమేసి వస్తే నాకేం దొరుకుతుంది? కొన్ని వారాలు రోజూ రొట్టె తిననివ్వండి. అప్పుడు రక్తం తీద్దాం."

"తగ్గిన నొప్పిని మళ్ళీ పిలవాలా? నేను తినను," అంది చిట్టి.

అమ్మ బతిమాలింది, కసిరింది, కళ్ళు తుడుచుకుంది. జబ్బు ఉందో లేదో తేలకపోతే ఈ పిల్ల బతుకంతా భయపడుతూ తినాలి, లేదా తెలియక తిని పాడవ్వాలి. చిట్టి మాత్రం పళ్ళు బిగించుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే చంకలో రొట్టె, మొహంలో దిగులు పెట్టుకుని మావయ్య దిగాడు.

"చిట్టీ, నాక్కూడా."

"ఏంటి నీక్కూడా?"

"సీలియాక్. నీకంటే బాగా ముదిరింది. పరీక్షకి ముందు రోజూ రొట్టె తినాలటగా? ఒక్కణ్ణీ తినాలంటే భయమేస్తోందే."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ రొట్టెలే తింటున్నావు కదా మావయ్యా!"

"మరి ఊరికే ముదిరిందా?"

చిట్టి నవ్వాపుకోలేక ఒక ముక్క తుంచింది. అప్పటినుంచి రోజూ బేకరీ వెనకగదిలో ఇద్దరికీ రెండు పీటలు. చిట్టి "అబ్బా" అంటే ఆయన "అమ్మో, నాయనో, పోయాన్రో" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు తొంగిచూసి, రొట్టె వైపు అనుమానంగా చూసి వెళ్ళిపోయేవారు. చిట్టికి నొప్పి మరీ ఎక్కువైన రోజున ఆయన పిండిబస్తా మీద వెల్లకిలా పడి, పిల్ల నవ్వేదాకా లేచేవాడు కాదు.

రక్తం తీసే రోజు రానే వచ్చింది. "ముందు నాకు తీయండి. నాది అర్జెంటు," అని చెయ్యి చాపి, సూది చూడగానే కేకేశాడు.

"ఇంకా గుచ్చలేదండీ," అన్నాడు ల్యాబ్ కుర్రాడు.

"గుచ్చకముందే నొప్పి పుట్టడం మా వంశంలో ఉంది!"

ఆ నవ్వులో తన చేతిలోకి సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో చిట్టికి తెలియనే లేదు.

చిట్టి రక్తంలో గుర్తులు దొరికాయి. తరవాత సన్నని గొట్టంతో పేగు కూడా చూసి, సీలియాకేనని ఖాయం చేశారు. మావయ్య రక్తంలో ఏమీ లేదు.

"మీరు గుండ్రాయిలా ఉన్నారండీ," అంది డాక్టరమ్మ. పరీక్ష తప్పిన పిల్లాడిలా మొహం వేలాడేశాడు. ఆవిడ జాలిపడి, "కొందరికి పరీక్షలన్నీ బాగున్నా గోధుమ పడదు. గ్లూటెన్ సెన్సిటివిటీ అంటాం. దానికి రక్తపరీక్ష లేదు," అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అదే! నాది అదే! దీని జబ్బు సూదికి దొరికిపోయింది. నాది సూదికే చిక్కలేదు. ఏది గొప్ప?"

ఆ రోజే రొట్టె మానేశాడు. బేకరీవాడు! "తాజాదేనా?" అని అడిగినవాళ్ళతో, "ఏమో, నేను తినను," అనేవాడు. అత్తయ్య నెత్తి బాదుకునేది. ఇంట్లో వేరే ఓవెన్ పెట్టి బియ్యప్పిండితో రొట్టెలు కాల్చాడు. మొదటిది జారి కాలిమీద పడితే నిజంగానే కుంటుతూ నడిచాడు. ఆ ఒక్కసారీ ఎవరూ నమ్మలేదు. బంధువుల ఇళ్ళకు వెళ్తే చిట్టికో డబ్బా, ఆయనకో డబ్బా. అందరిలో తానొక్కతే డబ్బా విప్పాలని హడలిపోయిన పిల్లకు, ఆయన పక్కన కూర్చుంటే అదేదో పెద్దమనుషులకు వేసిన ప్రత్యేక బంతిలా ఉండేది.

పిండి ఎగురుతుందని ఇప్పుడు చిట్టిని బేకరీ గడప దాటనిచ్చేవాడు కాదు. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వెనకతలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. మావయ్య అప్పుడే దిగిన రొట్టెను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు దానికి ఆనించి గట్టిగా పీల్చాడు. నిట్టూర్చాడు. రొట్టెను అరలో పెట్టేసి, తన బియ్యప్పిండి ఇటుక తీశాడు.

"రోజూ ఇదే తంతు," అంది పెరట్లో ట్రేలు కడుగుతున్న అత్తయ్య. "వేడి రొట్టె అంచు కోసం చిన్నప్పుడు మీ అమ్మతో జుట్టూజుట్టూ పట్టుకునేవారట."

చిట్టికి లోపల్నుంచి నవ్వూ ఇంకేదో కలిసి వచ్చాయి. నవ్వే ముందు బయటపడింది.

"మావయ్యా! నీకే జబ్బూ లేదు కదా? నాకోసమే మానేశావు కదా? నేనేం అనుకోను, తిను."

మావయ్య ఉలిక్కిపడ్డాడు.

"నీకోసమా? ఎవరన్నారు? మీ అత్తయ్యా? ఆవిడ ఎప్పుడు నిజం చెప్పింది కనక! నేను వాసన చూడలేదు, మాడిందేమో చూశాను. నిట్టూర్చలేదు, ఆవలించాను. మేనకోడలికోసం నోరు కట్టుకునేంత మంచివాణ్ణని బయట అన్నావంటే నా పరువేం కాను? ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. తలుపెయ్యి, రొట్టెలు చల్లారిపోతున్నాయి!"