తొడుగు కింద పగులు

పడి పగిలిన రేసు బండ్లకు ఫైబర్ తొడుగులు మార్చడంలో ధన్‌సింగ్‌కి ఏన్కూరు చుట్టుపక్కల పెద్ద పేరు. తండాలో పుట్టి, ఖమ్మంలో పని నేర్చి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. అతని చెయ్యి పడితే ఎంత పాత బండైనా షోరూంలోంచి దిగినట్టుండేది.

2009 వానాకాలంలో సత్తుపల్లి నుంచి కిషోర్ వచ్చాడు. బొగ్గు గనిలో పని, శ్రీదేవితో కొత్తగా పెళ్లయింది. చేతులు మారిన ఎర్ర బండి ఒకటి కొన్నాడు.

"ముందు డూము, రెండు సైడు ప్యానెళ్లు కొత్తయి వెయ్యన్నా. ఐతారం శ్రీదేవిని ఎక్కించుకోని అడవి రోడ్డున భద్రాచలం పోవాలె."

"ఎట్ల పడ్డవ్ తమ్మీ?"

"నేను పడలే. అమ్మినాయన పడ్డడు. హ్యాండిలు దానంతటదే గుంజిందట. ఇంకా దవాఖానలనే ఉన్నడు."

ధన్‌సింగ్ స్క్రూలు విప్పాడు. ఎడమ ప్యానెల్ ఊడి రాగానే హ్యాండిల్‌ను మోసే ఇనుప మెడ బయటపడింది. దాని మీద పుట్టీ ఉబ్బి పెచ్చు లేచింది. గోటితో గీకాడు. లోపల వెంట్రుకంత పగులు, అంచులంతా తుప్పు.

అతని చెయ్యి ఆగిపోయింది. ఆ పుట్టీ తనదే. ఐదేళ్ల కిందట ఒక వ్యాపారి "పైకి కనపడకుంటే చాలు" అంటే, నున్నగా రుద్ది, రంగు కొట్టి, పైన తొడుగు బిగించింది తనే.

"ఏందన్నా, గట్ల నిలబడ్డవ్?"

"మెడ పగిలింది. దీన్ని నడపొద్దు."

"ఇక్కడిదాంక నడుపుకుంటనే వచ్చిన కదా! నువ్వు వెయ్యకుంటే వైరాల ఇంకొకరు వేస్తరు." కిషోర్ బండి స్టాండు తీయబోయాడు.

వేస్తారు. ఆ సంగతి ధన్‌సింగ్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అతను కటింగ్ మిషన్ ఆన్ చేసి మెడకు ఆనించాడు. బ్లేడు అరంగుళం దిగిందో లేదో మెడ పటుక్కున విరిగింది. ముందు చక్రం పక్కకు ఒరిగింది.

కిషోర్ అతని కాలర్ పట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా నీకు?"

"ఆ పుట్టీ పెట్టింది నేనే తమ్మీ."

కిషోర్ విరిగిన చోటికి చూశాడు. ఇనుమంతా తుప్పే, గోరంత మేర మాత్రం మెరుస్తోంది. కాలర్ మీది చెయ్యి దానంతటదే జారింది.

ధన్‌సింగ్ తన సొంత బండి తాళం అతని చేతిలో పెట్టాడు. మర్నాడు దవాఖానకు వెళ్లి, పడ్డ మనిషి మంచం పక్కన నిలబడి ఉన్నదంతా చెప్పాడు. ఆయన గోడవైపు తిరిగాడు.

ఐదేళ్ల కిందట ఆ వ్యాపారి కోసం ధన్‌సింగ్ అలా మూసిన బండ్లు మూడు. మిగతా రెండూ ఎవరికి అమ్మాడో వ్యాపారికి గుర్తులేదు. ఆ రకం బండి చప్పుడు వినిపిస్తే చాలు, ధన్‌సింగ్ పని వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. అప్పటికే అది అడవి మలుపు తిరిగిపోతుంది.