రెండో నంబరు

పరాయి రాష్ట్రంలోని నిమ్‌పురా రైల్వే కాలనీలో మా తెలుగు సంఘానికి ఒక గది ఉండేది. మధ్యాహ్నం వంటలయ్యాక, రిటైరైన ఒక టీచరమ్మ అక్కడ మా ఆడవాళ్లకు చదువు చెప్పేది. అప్పటికి నాకు యాభై దగ్గర పడ్డాయి. అంతవరకు సంఘం ఎన్నికల్లో నా చీటీ మీద మా ఆయనే ముద్ర వేసేవాడు. ఈసారి పేరు నేనే చదివి వేస్తానని ముందే చెప్పి ఉంచాను.

తొంభైల చివర అది. ఆ ఏడు టీచరమ్మే అధ్యక్ష పదవికి నిలబడింది. అవతలి ఆయన తను గెలిస్తే ఆ గదిలో క్యారమ్ బోర్డులు పెట్టిస్తానన్నాడు. చదువుకునే వాళ్లలో తొమ్మిది మందికి ఓటుంది.

తీరా వెళ్తే చీటీలు లేవు. ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసే మన తెలుగువాళ్ల మాస్టారొకరు కంప్యూటరు తెచ్చిపెట్టారు. తెర మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలే. టీచరమ్మది రెండో నంబరని గుమ్మం దగ్గర చెప్పారు. రెండు నొక్కాను. తెర ఒకసారి ఖాళీ అయి, మళ్లీ అవే పేర్లు వచ్చాయి. అంతే.

సాయంత్రం ఫలితం చెప్పారు. టీచరమ్మకు ఆరు ఓట్లు.

మేమే తొమ్మిది మందిమి. అంతకుముందు చీటీలైతే బిస్కెట్ల డబ్బా జంపఖానా మీద బోర్లించి, అందరి ముందూ ఒక్కొక్కటీ విప్పి చూపించేవారు. మళ్లీ లెక్కపెట్టమని అడిగాం. మాస్టారు విసుక్కోకుండా ఒక మీట నొక్కారు. మళ్లీ ఆరే.

"నా ఓటు ఎటెల్లిందో నాకొక్కదానికి సూపించండి బాబూ, సాలు," అన్నాను.

"ఎవరు దేనికి నొక్కారో అందులో ఉండదమ్మా. ఉంటే ఇంక రహస్యం ఏముంది?"

ఆయన మంచివాడు. చెప్పినదాంట్లో తప్పూ లేదు.

బయటికొచ్చాక మాలో మేము మొదలుపెట్టాం. అందరూ రెండే నొక్కామన్నారు. పక్క క్వార్టరు వదిన నా వైపు తిరిగింది.

"మీ ఆయన అవతలోడితోటే కదా షెడ్డుకెల్తాడు. నువ్వేటి నొక్కినావో నీకే ఎరుక."

"రెండే నొక్కినాను వదినా."

"నేనూ అదే అంటన్నాను. సూపించు మరి."

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆమె దగ్గరా లేదు.

వారంలో గది తాళం మారింది. టీచరమ్మ తన వరండాలో చెబుతానంటే నలుగురం వెళ్లాం. ఆవిడ ఎప్పటిలాగే పలకలు ఇచ్చింది. నా పలక ఇచ్చేటప్పుడు నా ముఖంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసిందనిపించింది. మర్నాటి నుంచి మానేశాను. మిగతా చదువు ఇంట్లో పాత పేపర్లు చూసి నేర్చుకున్నాను.

వదినతో మళ్లీ మాటలు కలిశాయి గానీ ఆ సంగతి ఇద్దరం ఎత్తం. ఆ రోజు నా వేలు రెండు మీదే పడిందా అని ఈ మధ్య నాకే అనుమానం వస్తోంది.